హద్రాకు పోయి వస్తే ఖలాస్

హవల్లీ,
4 ఏప్రిల్ 2025

అన్నకు జ్యోతి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను, అంటే లేచి తిరుగుతున్నాను. నువ్వూ ఆ మాత్రం ఉంటావని నమ్ముతున్నాను. రంజాన్ నెలంతా వంటింట్లో నిలబడి నిలబడి నా కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి. పండగ అయిపోయింది, చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు, గిన్నెలు మాత్రం నాకు మిగిలాయి. ఈ అరబ్బు దేశంలో పండగంటే మాకు అదే.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని అడుగుతావేమో. పండగనాడు ఫోను చేసి "అన్నా, నాకు జరమొచ్చింది" అంటే నువ్వేమన్నావు? "జనమొస్తే కాపీ పెట్టియ్" అన్నావు. ఆ గోదాంలో జనరేటర్ పక్కన ఇన్నేళ్ళు పడుకుని చెవులు పాడు చేసుకున్నావు. చెవిటివాడి ముందు శంఖం ఊదే ఓపిక నాకిప్పుడు లేదు. మా ఇంటి డ్రైవరు ఖాసిం వలి శుక్రవారం శుక్రవారం సులైబియా మార్కెట్‌కు కూరగాయలకు వస్తాడు కదా, అతని చేతికిస్తాను. మన రాయచోటి మనిషే, విప్పి చూడడు. చూసినా అతనికి తెలుగు చదవడం రాదు.

అసలు సంగతికి వస్తాను. మే నెలలో వీసా క్యాన్సిల్ మీద పూర్తిగా ఇంటికి పోతున్నానని, నన్నూ వచ్చెయ్యమని నువ్వు చెప్పావు. నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, మే ఇరవై ఐదుకు అయిపోతుంది. పోయినసారి నన్ను ఒక్క మాటైనా అడగకుండా మళ్ళీ రెన్యూ చేయించేశారు. ఈసారి ముందే నోరు తెరవాలని గుండె రాయి చేసుకుని చిన్నమామాను, అదే ఈ ఇంటి చిన్న దొరసానిని, అడిగాను. ఆమె నా పనంతా తెలిసిన మనిషి, బడిలో టీచరు, మొగుడితో తెగతెంపులై తల్లి దగ్గరే ఉంటోంది. ఆ తల్లిని, అంటే పెద్దమామాను, లేపేది నేను, కడిగేది నేను, తినిపించేది నేను. ముసలామెకు ఈమధ్య మతి నిలవడం లేదు. అట్లాంటి ఇంట్లో నన్ను పొమ్మంటారా అనుకున్నాను.

ఒప్పుకుంది అన్నా. కానీ ఒక షరతు పెట్టింది. హద్రాకు పోయి రావాలంట. "హద్రాకు పోయి వస్తే ఖలాస్, క్యాన్సిల్ మీద సంతకం పెడతాను" అంది. ఈ అమావాస్యకే పోవాలంట. నాకు లోపల భయంగానే ఉంది, అయినా పోక తప్పదు. నేను కట్టుకున్న ఇంట్లో నేను ఒక నెలంతా పడుకున్నది లేదు, దానికోసమైనా పోతాను.

ఖాసిం వలి హారన్ కొడుతున్నాడు. తక్కినది తర్వాత.

నీ చెల్లెలు
అరుణజ్యోతి


సులైబియా,
11 ఏప్రిల్ 2025

జ్యోతమ్మకు మీ అన్న రామాంజనేయులు రాసేది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఏం చేశావమ్మా? ఎవరు పెట్టారు కేసు?

హద్రా అంటే ఏమిటో నాకు తెలియక మా వసీమ్‌ను అడిగాను. లక్నో వైపు మనిషి, గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అరబ్బీ బోర్డులు చదవగలడు కాబట్టి మా అందరికీ వాడే లాయరు. టీ తాగుతూ ఒక నిమిషం ఆలోచించి, "హద్రా, హాజిర్, హాజ్‌రీ, సబ్ ఏక్ హీ హై భాయ్" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హాజరంటే మనకూ హాజరే కదా. మనిషిని స్టేషన్‌లోనో కోర్టులోనో హాజరు పెట్టడమే కదా. పైగా నువ్వే రాశావు, భయంగా ఉంది, పోక తప్పదు అని.

అమావాస్య పూట హాజరు పెట్టే కోర్టు ఏం కోర్టో నాకు తెలియదు. ఈ దేశంలో చంద్రుణ్ణి చూసే కదా అన్నీ నడుపుతారు, అదీ అంతేనేమో. ఇంట్లో బంగారం ఏమైనా కనపడకుండా పోయిందా? నువ్వు తీయవని నాకు తెలుసు. మన ఇంట్లో పక్కవాళ్ళ చెట్టు నిమ్మకాయ పడినా గోడ మీద పెట్టి వచ్చే రకం. కానీ నేను చెబితే ఎవరు వింటారు? ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు. అరబ్బీలో ఏమడిగినా తెలియదన్నట్టు "మాఫీ మాలూం" అను, తల దించుకో. అబ్బాసియాలో టైలరు సాయిబాబు తెలుసు కదా, అతనికి మన తెలుగు సంఘంవాళ్ళు తెలుసు, చెప్పి పెట్టాను.

ఇంకొకటి. నిన్న మా మేనేజరు, ముదీర్ ఆఫీసుకు పోయి నా క్యాన్సిల్ ఆపమని చెప్పి వచ్చాను. "లేష్?" అని కారణం అడిగాడు. "నా చెల్లెలికి కేసుంది సార్" అన్నాను. అరబ్బీలో ఎట్లా చెప్పానో ఏమో, వాడు నా భుజం తట్టి ఖర్జూరాల డబ్బా ఇచ్చాడు. నీకు పెళ్ళనుకున్నాడేమో. నీ హాజరు తేలేదాకా నేను కదిలేది లేదు. మీ వదిన రమణికి ఈ కేసు మాట చెప్పలేదు, చెబితే ఊరంతా తెల్లారేలోపు తెలుస్తుంది.

ఖర్జూరాలు ఖాసిం వలి చేతికిచ్చాను. అతను దారిలో తినకపోతే నీకు అందుతాయి.

మీ అన్న
రామాంజనేయులు


హవల్లీ,
18 ఏప్రిల్ 2025

అన్నా,

నిన్ను తిట్టాలో నవ్వాలో తెలియక మొదట నవ్వాను. ఆ నవ్వుకు పెద్దమామా కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. తర్వాత నీ క్యాన్సిల్ ముక్క చదివి నవ్వు ఆగిపోయింది.

కేసూ లేదు, కోర్టూ లేదు. హద్రా అంటే చేపల దడి! సముద్రంలో చేపలు పట్టడానికి కట్టే దడి. వంక పారినప్పుడు మన పెద్దన్న తాత ఈతమట్టల తడిక అడ్డం పెట్టి చేపలు పట్టేవాడు చూడు, అదే పద్ధతి. ఇక్కడ మనిషెత్తు నీళ్ళకు కట్టారు. ఇప్పుడైతే ఇనుప వల కంచెలు వేస్తారు. పెద్దమామా నాయనకు మాత్రం రాళ్ళతో కట్టిన పాత గోడ ఉండేదట. వాళ్ళ నాయనా కట్టలేదు, తాతా కట్టలేదు, ఎవరు కట్టారో ఎవరికీ తెలియనంత పాతది. పోటుకు నీళ్ళు గోడ మీదుగా వస్తాయి, చేపలూ వస్తాయి. ఆటుకు నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి పోతాయి, చేపలు లోపలే నిలుస్తాయి. తట్ట పట్టుకుని పోయి ఏరుకోవడమే. అమావాస్యకు నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి కాబట్టి ఆ రోజు పొమ్మంది. పెద్దమామాకు ఆ గోడ మరొక్కసారి చూడాలని ఉంది. చిన్నమామాకు పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరిపోతోంది. అందుకని నేను తీసుకుపోవాలి. అంతే కథ.

నిన్ను అనడం ఎందుకులే, నేనూ తక్కువేం కాదు. ముసలామె నెల రోజులుగా నన్ను చూసి "హద్రా, హద్రా" అంటుంటే, నా నోటి మాటే నాకు అప్పగిస్తోందనుకున్నాను. పొద్దున లేస్తే వందసార్లు "హాదిర్ మామా" అనే నోరు కదా నాది. ఆమె "హద్రా" అంటే నేను "హాదిర్" అనడం. ఆమె తీసుకుపొమ్మని అడుగుతోంది, నేను చిత్తం చిత్తం అని మాట ఇచ్చి కూర్చుంటున్నాను. పాపం, ఎన్నిసార్లు చెప్పులు వేసుకుని తలుపు దగ్గర కూర్చుందో. పిచ్చి ముదిరిందనుకుని చెప్పులు విప్పి లోపలికి తెచ్చేదాన్ని. అది తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మొన్న చిన్నమామా తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఎక్కడో హవాయి అని దీవులట. అక్కడా ఇట్లాంటి రాళ్ళ గోడలే, పాత రాజుల కాలం నాటి చేపల చెరువులు. కూలిపోయిన గోడను ఊరంతా వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి రాయి అందించుకుంటూ మళ్ళీ కడుతున్నారు. పెద్దమామా అద్దాలు పెట్టుకుని చూసి, "మాదే ముందు కట్టింది" అంది. ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా అంది.

ఇక నీ సంగతి. నా కేసు పేరు చెప్పి క్యాన్సిల్ ఆపావా? నిజం చెప్పన్నా, నీకే పోవాలని లేదేమో. పోయిన ఏడు పోతానన్నావు, వాన రాలేదన్నావు. అంతకుముందు పోతానన్నావు, ముదీర్ మంచోడన్నావు. ఊళ్ళో నిన్నెవరూ రాంభాయ్ అని పిలవరు, ఇక్కడ గోదాం తాళాలు నీ మొలకు ఉంటాయి. ఇప్పుడు నా పేరు ఒకటి దొరికింది నీకు. నువ్వు ఆగితే వదిన నన్ను అంటుంది. సోమవారమే పోయి మళ్ళీ అర్జీ పెట్టు.

ఖర్జూరాలు సగమే వచ్చాయి.

జ్యోతి


సులైబియా,
25 ఏప్రిల్ 2025

జ్యోతికి,

ఉత్తరం అందింది. కేసు లేనందుకు దేవుడికి దండం. వసీమ్‌తో రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఉప్పు అడగాల్సి వచ్చి మాట్లాడాను.

నా గురించి నువ్వు రాసినది చదివాను. దానికి జవాబు రాద్దామని రెండు కాగితాలు పాడు చేశాను. వదిలేస్తున్నాను. ముదీర్‌కు చెప్పాను, క్యాన్సిల్ నడుస్తోంది. నా చోటికి మనిషి కూడా వచ్చేశాడు, నిజామాబాద్ పిల్లగాడు, రాజమౌళి అంట. తాళాలు వాడికిచ్చేశాను. నా మొల ఇప్పుడు తేలిగ్గా ఉంది, నీకు సంతోషమే కదా.

నాకు ఇప్పుడు కోర్టు భయం పోయి నీళ్ళ భయం పట్టుకుంది. మనది నీళ్ళ జాతి కాదమ్మా. ఏ ఐదేళ్ళకో ఒకసారి చెరువు నిండి మరవ పారితే, కట్ట మీద నిలబడి చూసి దండం పెట్టుకుని వచ్చేవాళ్ళం, దిగినామా ఎప్పుడైనా? సముద్రం పోయినట్టే పోయి వెనక నుంచి వస్తుందని చేపల లారీ డ్రైవరు చెప్పాడు. కాలు బురదలో కూరుకుంటే ముసలామెను మోస్తావా, నిన్ను నువ్వు మోసుకుంటావా? అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. కానీ నీకు సంతకం కావాలి, తొక్కక తప్పదు. కారులోంచి చూపించి తీసుకొచ్చెయ్. ఆమెకు ఎట్లాగూ గుర్తుండదంటున్నావు.

ఖాసిం వలి చేతికి నా రబ్బరు బూట్లు పంపిస్తున్నాను. గోదాం కడిగేటప్పుడు వేసుకునేవి. నీకు పెద్దవవుతాయి, ముందు భాగంలో గుడ్డలు కుక్కుకో. అక్కడ రాళ్ళకు గవ్వలు అంటుకుని కత్తుల్లా ఉంటాయట.

అన్న


హవల్లీ,
2 మే 2025

అన్నా,

ముందుగా, మునిగిపోలేదు. చెయ్యి నొప్పిగా ఉంది, అక్షరాలు వంకరగా పోతాయి, ఓర్చుకో.

సోమవారం పోయాం. నీళ్ళు ఏ వేళకు తీస్తాయో ఖాసిం వలి చేపలవాళ్ళను కనుక్కుని వచ్చాడు. మధ్యాహ్నం భోజనం పెట్టి పెద్దమామాను కారెక్కించాం. చిన్నమామా వస్తుందేమోనని చూశాను. గుమ్మం దాకా వచ్చి, పేపర్ల కట్ట చూపించి లోపలికి పోయింది.

ఊరు దాటి చాలా దూరం పోయాక మేడలు అయిపోయి తీరం వచ్చింది. సముద్రం అక్కడ లేదన్నా. ఎక్కడో దూరంగా గీతలా ఉంది. మధ్యలో అంతా నల్లటి బురద, దున్ని నీళ్ళు పెట్టిన వరిమడిలా మెరుస్తూ. ఆ బురద మధ్యలో అర్ధచంద్రంలా రాళ్ళ గోడ. మోకాలెత్తు కూడా లేదు. కొన్నిచోట్ల కూలి గుట్టలు పడింది. దీనికా ఇంత గోల అనుకున్నాను, నీ దగ్గర దాచడమెందుకు.

కారులోంచే చూపిద్దామని నేనూ అనుకున్నాను. ఆమె ఊరుకుంటేనా! చక్రాల కుర్చీ దించితే పది బారలు పోయి కూరుకుపోయింది. నేనూ ఖాసిం వలీ చెరోపక్క ఎత్తుతుంటే ముసలామె మా చేతులు విదిలించి లేచి నిలబడింది. చెప్పులు విడిచింది. నా భుజం మీద ఒక చెయ్యి వేసి నడిచింది. ఇంట్లో బాత్‌రూమ్ ఎటో తెలియని మనిషి, ఆ బురదలో గట్టినేల ఎక్కడుందో అడుగు తప్పకుండా పోయింది. నీ బూట్లు వేసుకున్న నేను రెండుసార్లు పడ్డాను. ఒక బూటు బురదే ఉంచుకుంది, ఖాసిం వలి తవ్వి తీశాడు.

గోడ దగ్గర కూర్చుని ఆమె ఏం చేసిందనుకున్నావు? ఏడుస్తుందనుకున్నాను, దువా చేస్తుందనుకున్నాను. నాకు పని చెప్పింది! "ఆ రాయి తియ్, ఈడ పెట్టు. అది కాదు, పెద్దది. తిప్పి పెట్టు" అని. సముద్రంలో కూడా నాకు పని దొరికింది చూడు. ఖాసిం వలి "ఏమ్మే, ఇంటి పనికి తెచ్చినారా, తాపీ పనికి తెచ్చినారా మనల్ని?" అని గొణిగాడు. గొణుగుతూనే మోశాడు. కూలినచోట ఒక మంచం పొడుగు గోడ నిలబెట్టాం. నా అరచేతులు గీసుకుపోయాయి. పెద్దమామా చేత్తో తడిమి చూసి, ఒక రాయి కదిలితే మళ్ళీ తీయించి పెట్టించింది. ఆమె అంత అధికారంగా, అంత హాయిగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఉన్నట్టుండి "మైద్! మైద్!" అని అరిచింది. నన్నే మెయిడ్ అని పిలుస్తోందనుకుని "హాదిర్ మామా" అన్నాను. నన్ను కాదు, చేపను. మడుగులో ఒక చేప కొట్టుకుంటోంది, వీళ్ళు దాన్ని మైద్ అంటారట. ఖాసిం వలి తలగుడ్డ పరిచి పట్టాడు. ఆమె చేతిలోకి తీసుకుని చూసి, "చిన్నది" అని గోడ అవతలికి వేసింది. ఖాసిం వలి ముఖం చూడాలి నువ్వు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను, సంతకం, టిక్కెట్టు, మన ఇల్లు.

మంగళవారం పొద్దున టీ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది. "జ్యోతీ, హద్రాకు ఎప్పుడు?"

కప్పు కింద పెట్టాను. "నిన్న పోయాం కదా మామా, రాళ్ళు పెట్టాం కదా" అన్నాను. నన్ను జాలిగా చూసింది, నాకే మతి పోయినట్టు. చిన్నమామా అక్కడే తల దువ్వుకుంటోంది. కాగితం తెచ్చి ముందు పెట్టాను. "అమ్మ పోలేదంటోంది కదా" అంది. "పోయినాం మామా, ఖాసిం వలిని అడగండి" అన్నాను. "ఒడ్డునే తిప్పి తెచ్చారేమో. అమ్మ చూశానంటేనే చూసినట్టు. పున్నమికి మళ్ళీ తీసుకుపో, అప్పుడు ఖలాస్" అని బ్యాగు తీసుకుని బడికి పోయింది.

అర్థమైందా అన్నా? ఆమె చూశానని ఏనాటికీ అనదు. పున్నమికి పోతాను, మర్నాడు మరిచిపోతుంది. అమావాస్యకు పోతాను, మర్నాడు మరిచిపోతుంది. ఈలోపు ఇఖామా మళ్ళీ కొట్టిస్తారు. నాకు కోపం కూడా రావడం లేదు, ఒట్టి యాష్టగా ఉంది.

జ్యోతి


సులైబియా,
9 మే 2025

జ్యోతమ్మకు,

నీ ఉత్తరం రాజమౌళి చేత కూడా ఒకసారి చదివించుకున్నాను, నేను చదివినది నిజమేనా అని. వాడు నీకంటే చిన్నవాడు, వచ్చి నెల కూడా కాలేదు, చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

ఖాసిం వలిని నిలదీశాను. "నీవు సాచ్చెం చెప్పు, ఖురాను మీద చెయ్యి పెట్టి చెప్పు" అన్నాను. "చెప్పినా అన్నా. చిన్నమామా ఇని తలకాయ ఊపింది. తర్వాత కారు తుడ్సమని చెప్పింది" అన్నాడు. నేనే వచ్చి మాట్లాడదామనుకున్నాను. ఏం మాట్లాడతాను? వాళ్ళు ఒకటంటే నాకు ఇంకొకటి వినిపిస్తుంది. నీ పని ఇంకా చెడుతుంది.

ఇది రాయడానికి రెండు రోజులు చూశాను. నువ్వు పోయినసారి రాసినది, నాకే పోవాలని లేదని, అది అబద్ధం కాదు. ఈ గోదాం తాళాలు ఉన్నన్నాళ్ళు నాకు పోవాలని లేదు. అవి ఇచ్చేశాక, పొద్దున లేచి ఏం చేయాలో తెలియక బయట ఇసుక మీద కూర్చుంటే, ఒళ్ళంతా ఒక్కసారి నొప్పులు తెలిశాయి. ఇన్నేళ్ళ నొప్పులు. నేను అలిసిపోయానమ్మా.

అందుకని చెబుతున్నాను. మే ఇరవై మూడున నేను పోతున్నాను. నువ్వు వస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కణ్ణే. నీ కోసం ఆగుతానని రాయాలి, అన్న అయినవాడు అదే రాయాలి. రాయలేను. ఆగినా నీకు పనికొచ్చేది లేదు, ఇద్దరం ఇక్కడే ఇంకొంచెం చెడిపోతాం. నన్ను తిట్టుకో. కానీ పున్నమికి మాత్రం పోవద్దు. నువ్వు పోయిన కొద్దీ వాళ్ళు పంపుతూనే ఉంటారు.

టిక్కెట్టు బుధవారం తీస్తారు. ఆ లోపల రెండా ఒకటా అన్నది ఖాసిం వలి ఫోనులో ఒక్క మాట చెప్పించు. నంబరైతే నాకు సరిగ్గానే వినపడుతుంది.

రామాంజనేయులు


హవల్లీ,
16 మే 2025

అన్నకు,

ఫోనులో "రెండు" అని ఖాసిం వలి మూడుసార్లు అరిచాడట, నువ్వు మూడు టిక్కెట్లా అన్నావట. రెండే. ఎట్లా రెండయ్యాయో రాస్తాను.

నువ్వొక్కడివే పోతానని రాస్తే నాకు కోపం రాలేదు. నీ ఇన్నేళ్ళ నొప్పుల మాట మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. అలిసిపోయానని మన ఇంట్లో ఇదివరకు ఎవరు చెప్పారు? నాయన చెప్పలేదు, నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. ఆ మాట అనొచ్చని నాకు అప్పుడు తెలిసింది.

పున్నమి నాడు చిన్నమామా బడి నుంచి తొందరగా వచ్చింది. నేను బెండకాయలు తరుగుతున్నాను. "ఇంకా బయలుదేరలేదా? నీళ్ళు తీసే వేళ అయింది" అంది.

"నేను పోను మామా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళ భాషలో ఆ మాట నాకు రాదనుకుందేమో, మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. "ఒకసారి పోయినా. నా చేతులు సూడండి. ఇంగ నూరుసార్లు పోయినా ఆయమ్మకు గుర్తుండదు, మీకు తెల్సు. సంతకం పెడితే పెట్టండి, లేకపోతే పోలీసును పిలవండి, ఈ కత్తిపీట ముందు నుంచి నేను లేసేది లేదు." వచ్చీరాని అరబ్బీలో ఇదంతా చెప్పాను. సగం చేతులతో చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక బెండకాయ చేతిలోకి తీసుకుని అంది, "నువ్వు తీసుకుపోయావని నాకు ఆ రోజే తెలుసు. రాత్రి అమ్మకు దుప్పటి కప్పుతుంటే కాలిగోళ్ళలో నల్ల బురద కనిపించింది. నా చిన్నప్పుడు మా అమ్మ కాళ్ళు ఎప్పుడూ అట్లాగే ఉండేవి. ఆ బురద ఇంకెక్కడా దొరకదు."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసి కూడా పోలేదన్నారా?"

"నువ్వు పోతే అమ్మను నేను చూసుకోలేను, జ్యోతీ. ఆమెను ఎట్లా లేపాలో కూడా నాకు తెలియదు. నాకు చేతకాదు" అంది. బడిలో అందరినీ నిలబెట్టి మాట్లాడే మనిషి, మా వంటింట్లో పసిపిల్లలా ముక్కు చీదింది.

నేను ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక లేదు. "నాకూ చేతకాదు మామా" అన్నాను. "చేతనవుతాదని వచ్చినానా నేను? మా అమ్మకు నేను ఒక్కపూట కూడా చేయలే. ఈయమ్మ నా చెయ్యి పట్టుకునింది, చేసినా. అంతే."

ఆ తర్వాత నేను తరుగుతూనే ఉన్నాను. బెండకాయలు అయిపోయాయి. అప్పుడు అడిగింది, "అక్కడ అమ్మ ఏం చేసింది?" అని. చెప్పాను. నడిచిందని చెప్పాను. నాతో రాళ్ళు మోయించిందని, చిన్న చేపను వదిలేసిందని చెప్పాను. ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకుంది. "నవ్విందా?" అని అడిగింది. "లేదు, తిట్టింది" అన్నాను. అప్పుడు తను నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. కాగితం తనే వెతికి తెచ్చి, బెండకాయ తట్ట పక్కన పెట్టి సంతకం చేసింది. పాస్‌పోర్టు గురువారం ఇచ్చింది.

ఈ నాలుగు రోజులూ ముసలామెను ఎట్లా లేపాలో ఆమెకు నేర్పిస్తున్నాను. నడుం దగ్గర పట్టుకుంటోంది, చంక కింద పట్టుకోమ్మా అంటే వినదు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. కొత్త మనిషి వచ్చేదాకా ఏం పడతారో పడతారు. నిన్న పొద్దున పెద్దమామా మళ్ళీ అడిగింది, "హద్రాకు ఎప్పుడు?" అని. చిన్నమామా నా వైపు చూసింది. నేను గిన్నెల వైపు చూశాను. జవాబు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేను కొళాయి తిప్పేశాను. జాలి లేక కాదన్నా. ఒక్క మాట చెబితే మళ్ళీ ఉండిపోతానని భయం.

పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో, సంతోషం వస్తుందేమో అని ఎదురు చూశాను. రెండూ రాలేదు, నిద్ర ముంచుకొచ్చింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పడుకున్నాను. ఎవరో పిలిచినట్టై ఉలిక్కిపడి లేస్తే ఎవరూ లేరు. ఈ జబ్బు ఎన్నాళ్ళకు పోతుందో.

ఇరవై మూడున ఖాసిం వలి నన్ను ఎయిర్‌పోర్టులో దింపుతాడు. గేటు దగ్గరే ఉండు, అరవకు, నాకు వినిపిస్తుంది. కిటికీ పక్క సీటు నువ్వే కూర్చో. విమానం ఎక్కాక నన్ను లేపొద్దు. అన్నం తట్ట తెచ్చినా లేపొద్దు, నాది కూడా నువ్వే తిను.

నీ చెల్లెలు
జ్యోతి